నక్షత్రపు గుర్తుగల లెక్కల మాస్టారు

మా వేదుళ్లవలస బాలికల ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలందరూ లెక్కల్లో పాసవడం నేను చేసిన మొదటి తప్పు. ఆ సంగతి పేపర్లో పడకుండా చూసుకోకపోవడం రెండో తప్పు. ఈ రెండూ జరక్కపోతే శాసనసభకీ నాకూ ఏ సంబంధమూ ఉండేది కాదు. నా మానాన నేను సుద్దముక్క అరగదీసుకుంటూ ఉండేవాణ్ని.

నా పేరు బెవర తవిటినాయుడు. పందొమ్మిదేళ్లుగా ఆ బళ్లోనే లెక్కలు చెబుతున్నాను. సెల్‌ఫోన్లు ఇంకా మా ఊరి పొలిమేర దాటని రోజుల మాట ఇది. ఆ ఏడాది సభలో ఒక సభ్యుడు మా శాఖను ఉపాధ్యాయుల ఖాళీలు ఎన్నున్నాయని అడిగాడు. మంత్రిగారు జిల్లాలవారీగా అంకెలు చదివి, చివర మొత్తం కూడా చదివారు. ప్రతిపక్షంలో ఎవరో పెద్దమనిషి కూర్చున్నచోటే కూడిక వేసి చూసి మొత్తం తప్పిందన్నాడు. సభ నవ్వింది. ఖాళీలున్నందుకు ఎవరూ నవ్వలేదు, కూడిక తప్పినందుకు నవ్వారు. కాబట్టి ఖాళీల సంగతి తర్వాత చూడొచ్చు, ముందు కూడిక సరిచేయాలని మా శాఖ పెద్దలు నిర్ణయించారు. కూడికలు ఎవరికి బాగా వస్తాయి? లెక్కల మాస్టర్లకి. వాళ్లలో మంచివాళ్లెవరు? ఫలితాలు బాగున్న బళ్లలో ఉన్నవాళ్లు. ఈ తర్కంలో తప్పెక్కడుందో నేను ఇప్పటికీ వేలు పెట్టి చూపించలేను.

ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. "ప్రజాప్రయోజనాల దృష్ట్యా సదరు ఉపాధ్యాయుని సేవలను, శాసనసభ సమావేశములు ముగియు వరకు, సచివాలయ ప్రశ్నల విభాగమునకు బదలాయించడమైనది." నేను బయల్దేరుతుంటే పదో తరగతి పిల్లలు వరండాలో అడ్డంగా నిలబడ్డారు. ముందు వరసలో పైల హైమావతి.

హైమావతి తల్లి జీడి బట్టీలో కాయలు కొడుతుంది. ఆ జీడి రసానికి ఆవిడ వేళ్లు నల్లగా బొబ్బలెక్కి ఉంటాయి. కూతురితో ఒక ఒప్పందం చేసుకుంది: పది పాసైతే కాలేజీ, తప్పితే బట్టీ. మిగతా సబ్జెక్టుల్లో ఆ పిల్లకి భయం లేదు. లెక్కల్లోనే, చెబితే పట్టుకుంటుంది, చెప్పకపోతే వదిలేస్తుంది.

"త్రికోణమితి మొదలెట్టకుండానే ఎల్లిపోతన్నారేటి మేస్టారూ?" అంది.

"ఇరవై రోజులేనమ్మా. సమావేశాలు ముగియగానే వచ్చేస్తాను."

"నిజింగానేటి?"

"ప్రభుత్వమే కాగితం మీద రాసి ఇచ్చింది కదా," అన్నాను. అప్పటికి నేను సచివాలయం చూడలేదు.

ప్రశ్నల విభాగం సెక్షన్ ఆఫీసరు శేషావతారం గారు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఏడుగురు ముఖ్యమంత్రుల కాలంలో జవాబులు రాసిన చెయ్యి. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు.

"చూడండి మాస్టారూ, ప్రశ్నకి మూడు కొమ్మలుంటాయి. (అ) ఫలానా మాట వాస్తవమేనా. (ఆ) అయినచో కారణమేమి. (ఇ) ఎప్పటికి సరిచేసెదరు. మీరు (అ) దగ్గర 'అవునండి' అన్నారనుకోండి, (ఆ), (ఇ) మెడకి చుట్టుకుంటాయి. అదే 'కాదండి' అన్నారనుకోండి, తర్వాత వాటికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రాసి టీకి వెళ్లిపోవచ్చు."

"మరి వాస్తవం అయితేనో?"

"వాస్తవమైతే 'సమాచారం సేకరిస్తున్నాం'. అది ముప్పై ఏళ్లుగా సేకరిస్తూనే ఉన్నాం, ఇంకా చాల్లేదు," అన్నారు. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ పద్ధతి నాకు నచ్చింది. లెక్కల్లో కూడా అంతే, మొదట్లో సున్నా పడితే తర్వాత దేంతో గుణించినా సున్నాయే. వారం తిరిగేసరికి నాకు చెయ్యి తిరిగింది.

పదకొండో రోజున నా బల్ల మీదికి నాలుగు వందల పదిహేడో నంబరు ప్రశ్న వచ్చింది. నక్షత్రపు గుర్తుది, అంటే మంత్రిగారు లేచి నోటితో చెప్పవలసినది. అడిగినవారు మా నియోజకవర్గం సభ్యులు గొర్లె అప్పలసూరి గారు. మొదటిసారి గెలిచారు, ప్రతిపక్షం, పూర్వాశ్రమంలో కొబ్బరికాయల వ్యాపారి. "(అ) వేదుళ్లవలస బాలికల ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు లేని మాట వాస్తవమేనా, (ఆ) అయినచో కారణమేమి, (ఇ) ఎప్పటిలోగా వచ్చును?"

రెండుసార్లు చదువుకున్నాను. ఇంత తేలికైన ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఫైళ్లు వెతకనక్కర్లేదు, జిల్లాకి ఫోను చెయ్యనక్కర్లేదు. రాసేశాను. "(అ) అవునండి. (ఆ) సదరు ఉపాధ్యాయుడు ఈ జవాబు రాయుచున్నందున. (ఇ) ఈ జవాబు రాయడం పూర్తికాగానే."

శేషావతారం గారు అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"మాస్టారూ, మీకు ఇద్దరు పిల్లలన్నారు కదూ?"

"అవునండి."

"వాళ్లని తల్చుకోండి," అని ఎర్రసిరా పెన్ను తీశారు. "మీ పోస్టు ఖాళీగా ఉందా? లేదు. మీ జీతం ఎక్కడ డ్రా అవుతోంది? వేదుళ్లవలసలో. మీరు సెలవులో ఉన్నారా? లేరు. కాబట్టి అక్కడ మాస్టారు లేరనడం అవాస్తవం. (అ) కాదండి. (ఆ), (ఇ) ఉత్పన్నం కావు."

సభలో అధికారుల గ్యాలరీలో ఫైలు పట్టుకుని నేనూ కూర్చున్నాను. మంత్రిగారు జవాబు చదివారు. అప్పలసూరి గారు అనుబంధ ప్రశ్నకి లేచారు.

"అజ్జెచ్చా, మా ఊరి పిల్లలు మేస్టారు లేడంటన్నారు. మంత్రిగోరు ఉన్నాడంటన్నారు. ఉంటే ఏడీ?"

"అధ్యక్షా, సదరు ఉపాధ్యాయుడు విధుల్లోనే ఉన్నారని సభకు హామీ ఇస్తున్నాను."

"ఏ ఊళ్లో విధులు బాబూ?"

"అది ఈ ప్రశ్న నుంచి ఉత్పన్నం కాదు అధ్యక్షా. గౌరవ సభ్యులు ప్రత్యేకంగా నోటీసు ఇస్తే సమాధానం చెబుతాను."

మంత్రిగారికీ నాకూ మధ్య దూరం పన్నెండడుగులు. నేను దగ్గాను కూడా. తర్వాత ప్రశ్నకి వెళ్లిపోయారు.

ఆ జవాబు పేపర్లో పడింది. అది చూసి మిగతా సభ్యులు తమ తమ నియోజకవర్గాల్లో ఫలితాలు బాగున్న బళ్లను వాకబు చేసుకున్నారు. అన్నిచోట్లా లెక్కల మాస్టారు విధుల్లోనే ఉన్నాడు గాని బళ్లో లేడు. వారంలో రెండు వందల పై చిలుకు ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఉన్నవాళ్లం చాలక, జవాబులు రాయడానికి ఇంకో మూడు వందల మంది మాస్టర్లను రప్పించారు. వాళ్లు వదిలి వచ్చిన బళ్ల గురించి మళ్లీ ప్రశ్నలు. అవి తెమలక ఇరవై రోజుల సమావేశాలను నెలనెలా పొడిగిస్తూ పోయారు. జవాబుల్లో భాష బాగులేదని స్పీకరు గారు అంటే తెలుగు పండితులను తెచ్చారు. పట్టికల గీతలు వంకరగా ఉన్నాయంటే డ్రాయింగు మాస్టర్లను తెచ్చారు. ఫైళ్లు పట్టుకుని ఇంతమంది ఒక వరసలో నడవలేకపోతుంటే డ్రిల్లు మాస్టర్లను తెచ్చారు. ఈ పద్ధతిలో పోతే పిల్లలు తప్ప బడి మొత్తం సచివాలయానికి వచ్చేస్తుందని నేను లెక్క కట్టి చూపించాను. శేషావతారం గారు ఆ కాగితాన్ని 'దూరదృష్టి' అనే ఫైల్లో పెట్టారు.

సచివాలయం వెనక పాత గోడౌనులో మాకు బస ఇచ్చారు. చిరునామా ఆఫీసుదే. హైమావతి నాకు కార్డు రాసిందట, 'ఊర్ధ్వకోణం అంటే ఏటి మేస్టారూ' అని. ఆ కార్డు తపాలా సెక్షనులో నంబరు వేయించుకుని, ప్రజావిజ్ఞప్తి కింద నమోదై, తగు చర్య నిమిత్తం జిల్లా విద్యాధికారికి వెళ్లింది. ఆయన దాన్ని వేదుళ్లవలస హెడ్మాస్టరమ్మగారికి పంపారు. "లెక్కల ఉపాధ్యాయునిచే మూడు రోజుల్లోగా సమాధానము ఇప్పించవలెను." ఆవిడ అది పదో తరగతికి చదివి వినిపించి, కార్డు హైమావతికే ఇచ్చేసింది. ఆ సంగతి మా తెలుగు పండితుడు కూడా బదలాయింపు మీద గోడౌనుకి వచ్చాక చెప్పాడు. అన్నం తింటున్నవాణ్ని, లేచి చెయ్యి కడుక్కున్నాను.

అక్టోబరులో అప్పలసూరి గారు ఊళ్లు తిరుగుతూ వేదుళ్లవలస వెళ్లారు. హైమావతి ఆయన జీపు ఆపింది.

"మా మేస్టారు మీ కాడే ఉన్నారంట కదా బాబూ. మీరు అడిగిందానికి మేస్టారు జవాబు రాసి తీరాలంట కదా."

"రాసి తీరాలమ్మా."

"అయితే ఇదిగో, ఈ లెక్క అడగండి," అని నోటు పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది.

అప్పలసూరి గారు చదివింది తొమ్మిదే గాని, నెలల తరబడి 'ఉత్పన్నం కాదు' అనిపించుకుని కారాలు మిరియాలు నూరుతున్నారు. నవంబరు రెండో వారంలో తొమ్మిది వందల ఆరో నంబరు ప్రశ్న నా బల్ల మీద పడింది. "(అ) వేదుళ్లవలసలో రక్షిత మంచినీటి ట్యాంకు అడుగు నుంచి ముప్పై మీటర్ల దూరంలో నిలబడి చూచినచో దాని కొన ముప్పై డిగ్రీల ఊర్ధ్వకోణములో కనిపించు మాట వాస్తవమేనా, (ఆ) అయినచో ట్యాంకు ఎత్తెంత, (ఇ) ఆ ఎత్తును ప్రభుత్వం ఏ విధముగా కనుగొన్నది?"

చేతిరాత టైపయిపోయింది గాని, అడిగిన పిల్ల ఎవరో నాకు తెలిసిపోయింది. కళ్లు తుడుచుకున్నాను.

శేషావతారం గారు యథాప్రకారం (అ)కి 'కాదండి' రాయబోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను. "ఆలోచించండి. ముప్పై డిగ్రీలు కాదంటే ట్యాంకు ఒరిగిపోయిందని పేపర్లో వస్తుంది. సమాచారం సేకరిస్తున్నామంటే, ట్యాంకు కట్టినవాళ్లకే ఎత్తు తెలీదంటారు."

ఆయన అరగంట ఆలోచించారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ పెన్ను 'అవునండి' అని రాసింది. రాశాక మంచినీళ్లు తాగారు.

సభా కార్యక్రమాలు టీవీలో వస్తాయి. వేదుళ్లవలసలో టీవీ పంచాయతీ ఆఫీసులో ఉంది, అది బడి గోడ పక్కనే. ఆ ఉదయం మంత్రిగారు లేచి, నేను రాసి ఇచ్చినదంతా తు.చ. తప్పకుండా చదివారు. "అధ్యక్షా, ఎత్తును హెచ్ అనుకొనుడు. టాన్ ముప్పై డిగ్రీలు అనగా ఒకటి బై రూట్ మూడు. అది హెచ్ బై ముప్పైకి సమానము. కావున హెచ్ అనగా పది రూట్ మూడు, అంటే పదిహేడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు. నెమ్మదిగా చదవమని ఇక్కడ రాసి ఉన్నది, కావున మరొకసారి చదువుచున్నాను అధ్యక్షా." పటాన్ని డ్రాయింగు మాస్టరు గీశాడు. దాన్ని సభ ముందుంచారు.

అప్పలసూరి గారు అనుబంధ ప్రశ్న వేశారు. "నలభై అయిదు డిగ్రీల్లో కనపడాలంటే ఎంత దగ్గరికి ఎల్లాల అజ్జెచ్చా?"

నేను చీటీ రాసేలోపే మంత్రిగారు కాసేపు పటం కేసి చూశారు. "ఎత్తెంతో దూరమూ అంతే అధ్యక్షా!" అన్నారు. సభ బల్లలు చరిచింది. మంత్రిగారి మొహంలో ఆ వెలుగు నేను తరగతిలో చాలా మొహాల్లో చూశాను. అది లెక్క తెలిసినప్పుడు వచ్చే వెలుగు, దాన్ని వెక్కిరించడానికి నాకు మనసు రాదు.

ఆ తర్వాత ఆపేవాళ్లెవరు? ప్రతి సభ్యుడూ తన ఊరి లెక్క తెచ్చాడు. కొబ్బరి మొక్కల వరసలతో శ్రేఢులు, చెరువుగట్టుతో ఘనపరిమాణాలు. పిల్లలు పంచాయతీ ఆఫీసు కిటికీల దగ్గర చేరి రాసుకునేవారు. ప్రశ్నోత్తరాల సమయంలో అరుపులు తగ్గాయి. ఒక సభ్యుడు పక్కవాడి కాగితంలోకి చూసి రాస్తుంటే స్పీకరు గారు మందలించారు. ప్రభుత్వం కూడా ఈ విజయాన్ని గుర్తించింది. లెక్కల బోధన సభ ద్వారా రాష్ట్రమంతటికీ ఒకేసారి అందుతున్నందున బళ్లకు మాస్టర్లను తిప్పి పంపవలసిన అత్యవసరం కనబడుట లేదని ఉత్తర్వు ఇచ్చింది.

జనవరి ఆఖర్లో వర్గ సమీకరణాలు మొదలయ్యాయి. అక్కడే కొంప మునిగింది. మొదటి లెక్కకి మంత్రిగారు రెండు జవాబులు చదివారు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్.

"ఒక ప్రశ్నకి రెండు జవాబులా? సభను తప్పుదోవ పట్టిస్తున్నారు!" అని ప్రతిపక్షం లేచింది.

"రెండూ సరైనవే అధ్యక్షా," అన్నారు మంత్రిగారు.

"రెండూ సరైనవి ఎలా అవుతాయి? ఏదో ఒకటే ప్రభుత్వ విధానం కావాలి!"

చివరికి పాలకపక్షం ప్లస్ జవాబును తమదిగా ప్రకటించింది. దాంతో ప్రతిపక్షానికి మైనస్ తప్ప దిక్కులేకపోయింది. రెండు రోజులు గొడవ జరిగింది. మూడో రోజు మైనస్ వాళ్లు వాకౌటు చేశారు. సభ నిరవధికంగా వాయిదా పడింది, పుస్తకంలో ఆ అధ్యాయం మిగిలిపోయింది.

నేను పెట్టె సర్దుకున్నాను. శేషావతారం గారు గుమ్మంలో ఆపారు.

"ఎక్కడికి మాస్టారూ?"

"సమావేశాలు ముగిశాయి కదండీ."

"వాయిదా పడ్డాయి. నిరవధికంగా వాయిదా పడటం వేరు, ముగియడం వేరు. ముగిసినట్టు ప్రకటన వెలువడాలి. మీ ఉత్తర్వులో 'ముగియు వరకు' అని ఉంది, చదువుకోండి."

ప్రకటన జూన్ దాకా వెలువడలేదు. మార్చిలో పరీక్షలు అయిపోయాయి. ఆ పరీక్షలప్పుడు మేం ఆరు వందల మందిమి గోడౌనులో కూర్చుని, రాబోయే ప్రశ్నలకు ముందస్తు జవాబులు రాశాం.

జూన్‌లో ప్రకటనతో పాటే, కొత్త సమావేశాలు ముగిసేవరకూ అని మా ఉత్తర్వుకు పొడిగింపు వచ్చింది. వాటి కోసం వచ్చిన మొదటి కట్టలోనే అప్పలసూరి గారి ప్రశ్న ఉంది. "(అ) వేదుళ్లవలస పాఠశాలలో పైల హైమావతి అను విద్యార్థిని లెక్కల్లో రెండు మార్కుల తేడాతో తప్పిన మాట వాస్తవమేనా, (ఆ) అయినచో కారణమేమి, (ఇ) ఆమె ప్రస్తుతం ఎక్కడ ఉన్నది?"

నేను రాశాను: "(అ) అవునండి. (ఆ) ఈ జవాబు రాయుచున్నవాడు. (ఇ) జీడి బట్టీలో."

శేషావతారం గారు చదివి ఎర్రసిరా పెన్ను తీశారు. "మాస్టారూ, బట్టీలో ఉన్న పిల్ల బడి రిజిస్టర్లో ఉండదు కదా," అన్నారు మెల్లగా. ఆయన గొంతులో ఎప్పుడూ లేని తడి ఉంది. అయినా చెయ్యి ఆగలేదు. "(అ) ఆ పేరుగల విద్యార్థిని సదరు పాఠశాలలో లేదు. (ఆ), (ఇ) ఉత్పన్నం కావు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను సెలవు చీటీ రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ పూట రైలెక్కేశాను.

బట్టీ దగ్గర హైమావతి తల్లి పక్కన కూర్చుని కాయలు కొడుతోంది. వేళ్లు అప్పుడే నల్లబడుతున్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఎలా రాశావమ్మా?" అన్నాను.

"ట్యాంకు లెక్క, సెరువు లెక్క, మొత్తం సేసేసినాను మేస్టారూ. వర్గ సమీకరణం కాడ ఆగిపోనాను. ఉత్తినే వదిలేయకూడదని, సమాచారం సేకరిస్తున్నామని రాసినాను."

"అలా ఎందుకు రాశావమ్మా?"

"తెలీనప్పుడు మంత్రిగోరు అదే కదా సెప్తారు. ఆరికి ఎవులూ మార్కులు కొయ్యలేదు మరి."

ఆ పిల్ల వెటకారానికి అనలేదు. నేర్చుకున్నదే చెప్పింది.

ఆగస్టులో మళ్లీ పరీక్ష. మర్నాడు ఆమెను తీసుకుని బడికి వెళ్లాను. హాజరు పట్టీలో నా పేరు ఎదుట 'అన్యవిధులలో' అని ఏడాది పొడుగునా ఉంది, సంతకం పెట్టే చోటు లేదు. హెడ్మాస్టరమ్మగారు నాకేసి చూడకుండా గోడతో మాట్లాడారు.

"నేను మిమ్మల్ని చూడలేదు మాస్టారూ. చూస్తే పైకి రాయాలి. తొమ్మిదిన్నరకి గంట కొడతాను, చివరి గది ఖాళీగా ఉంది."

ఆ గదికి హైమావతితో పాటు తప్పినవాళ్లు పదకొండు మంది వచ్చారు, కొత్త పదో తరగతి కూడా వచ్చి కూర్చుంది. ఆ కిటికీలోంచి పంచాయతీ ఆఫీసు టీవీ వినిపిస్తుంది. జులైలో ఒక ఉదయం వర్గ సమీకరణం బోర్డు మీద రాసి చెయ్యమన్నాను. x² - 2x - 15 = 0. పిల్లలు తలలు వంచుకున్నారు. అప్పుడు టీవీలో, క్రమశిక్షణ మీద పట్టింపున్న పాలకపక్ష సభ్యుడెవరో ప్రశ్న చదివాడు. ప్రశ్నల విభాగానికి బదలాయించిన బెవర తవిటినాయుడు అను ఉపాధ్యాయుడు విధులకు హాజరు కాని మాట వాస్తవమేనా?

"అవునండి," అన్నారు మంత్రిగారు.

అప్పలసూరి గారి గొంతు లేచింది. "ఆ మేస్టారు ఇప్పుడెక్కడున్నాడో ప్రభుత్వానికి ఏటైనా తెలుసునేటి అజ్జెచ్చా?"

"సమాచారం సేకరిస్తున్నాం అధ్యక్షా."

గదిలో పిల్లలందరూ తలలెత్తి నా వంక చూశారు. విధుల్లో ఉన్నంతకాలం నేను బళ్లో లేను. ఇప్పుడు విధుల్లో లేను గనక బళ్లో ఉన్నాను.

"టీవీ కేసి కాదు, బోర్డు కేసి చూడండి," అన్నాను.

హైమావతి పుస్తకం పట్టుకుని వచ్చింది. వేళ్ల నలుపు ఇంకా పూర్తిగా పోలేదు, అంచున మరక కాగితానికి అంటుకుంది.

"అయిదూ వచ్చింది, మైనస్ మూడూ వచ్చింది మేస్టారూ. ఏది రాయమంటారు?"

"రెండూ రాయమ్మా. రెండూ సరైనవే."

రాసింది. ఆ లెక్కకి నాలుగు మార్కులు. ఆమెకి కావలసినవి రెండు.